ఫస్ట్ బేస్ మీద ఒక కాలు

మా ఫస్ట్ బేస్ అమ్మాయి మైలవరం వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్నకు బదిలీ అయింది. టీసీ తీసుకున్నాక నా దగ్గరకు వచ్చి గ్లవ్ చేతిలో పెట్టి, "వెళ్ళొస్తా మేడమ్" అంది. వెళ్ళడమే గాని రావడం ఉండదని ఇద్దరికీ తెలుసు. నందిగామలో మ్యాచ్‌కి అప్పటికి మూడు వారాల టైమైనా లేదు.

జగ్గయ్యపేటలో నేను ఆడపిల్లల హైస్కూల్లో వ్యాయామం టీచర్ని. నన్ను మొదటిసారి చూసినవాళ్ళు ఆ మాట నమ్మరు. మా స్కూల్లో వ్యాయామం పిల్లలది, ఆయాసం నాది. బేస్‌బాల్ సంగతికొస్తే, ఒక ట్రైనింగ్ క్యాంపులో నేర్చుకున్నదే. నేర్పినాయన చక్కగానే నేర్పాడు, నేనే భోజనాల తర్వాత కునికిపాట్లు పడ్డాను. అందుకని పొద్దున చెప్పిన రూల్స్ నాకు బాగా వచ్చు. మధ్యాహ్నం చెప్పినవి పిల్లలతోపాటు గ్రౌండ్‌లోనే నేర్చుకున్నాను.

ఆ ఏడాది మా హెడ్మిస్ట్రెస్ గారికి పదో తరగతి ఫలితాల బెంగ పట్టుకుంది. రోజూ చివరి పీరియడ్ ఆటలకుండేది. దాన్ని స్టడీ అవర్ చేసేస్తానన్నారు. నేను వెళ్ళి బతిమాలాను.

"చూడండి మేడమ్," అన్నారావిడ, "ఏటా నందిగామ వెళ్తారు, ఓడిపోయి వస్తారు. దారిలో ఇడ్లీ తినడానికి తప్ప ఆ ప్రయాణం దేనికో నాకు అర్థం కాదు. ఈసారి గెలిచి రండి, మీ పీరియడ్ జోలికి రాను. ఓడిపోతే సోమవారం నుంచి స్టడీ అవర్."

"సరేనండి" అన్నాను ధైర్యంగా. స్టాఫ్ రూంలోకొచ్చి కూర్చున్నాక గాని దేనికి సరేనన్నానో తెలిసిరాలేదు. ఆ పీరియడ్ పోతే మా పిల్లలు పరిగెత్తేది ఇక బస్సు కోసమే. పోనివ్వకూడదనుకున్నాను. ఆ పోనివ్వకపోవడం ఫస్ట్ బేస్ దగ్గర మొదలుకావాలి.

ఎందుకంటే బేస్‌బాల్లో బంతిని కొట్టిన అమ్మాయి ముందు పరిగెత్తేది ఫస్ట్ బేస్‌కే. ఆమెకంటే ముందు బంతి అక్కడ కాపలా ఉన్న అమ్మాయి చేతికి చేరాలి. చేరేసరికి ఆ కాపలా అమ్మాయి కాలు బేస్‌కి తగిలి ఉండాలి. అప్పుడే అవుట్. కాలు ఇక్కడ, చెయ్యి ఎక్కడికైనా. మా బేస్ అంటే సిమెంటు సంచిలో కాస్త ఇసుక పోసి, మూతి కుట్టించి, నేల మీద పరిచింది. దాని మీద కాలు నిలవగల మనిషి నాకు కావాలి.

పోటీకి ముగ్గురు మిగిలారు.

మొదటిది మా వాలీబాల్ అమ్మాయి. పదో తరగతి. ఊళ్ళో సెల్ టవర్ తర్వాత అంత పొడుగు తనే. ఫస్ట్ బేస్‌కి పొడుగువాళ్ళు పనికొస్తారని క్యాంపులో చెప్పారు, అదీ పొద్దున పూటే. స్కూలంతా తననే అనుకుంది, నేనూ అనుకున్నాను. తీరా చూస్తే, బంతి కాస్త ఎత్తులో రాగానే తను గాల్లోకి లేచేది. రెండు కాళ్ళూ నేలను వదిలేసేవి. బంతి దొరికేది, బేస్ దొరికేది కాదు.

రెండోది క్రికెట్‌లో వికెట్ కీపర్. అన్నదమ్ములతో వీధిలో ఆడి ఆడి చేతులు జిగురులా తయారయ్యాయి. ఏ బంతీ జారదు. కాని బేస్‌ను స్టంప్స్ అనుకుని దాని వెనకాల నిలబడేది. బంతి తన దగ్గరకు వచ్చేదాకా ఆగి, మెత్తగా పొట్టలోకి లాక్కుని, తర్వాత తీరిగ్గా వంగి బేస్‌కి తాకించి నావైపు చూసి అప్పీల్ చేసేది. అప్పటికి పరిగెత్తే పిల్ల వచ్చి, ఆయాసం తీర్చుకుని, జడ సవరించుకుంటూ ఉండేది.

మూడోది కబడ్డీ అమ్మాయి. తొమ్మిదో తరగతి, పొట్టి. వాళ్ళ నాన్న ముక్త్యాల సిమెంటు లారీ నడుపుతాడు. తను గ్లవ్ తొడుక్కోగానే గ్లవ్‌కి పిల్లను తొడిగినట్టుంది. మొదటి బంతి నేల మీద దొర్లుకుంటూ వచ్చింది. ఎడమ కాలి మునివేళ్ళు బేస్ మీద పెట్టి, కుడి కాలు ముందుకు చాచి, మోకాలు దాదాపు నేలకు తాకేటట్టు సాగి అందుకుంది. అంత పొట్టి పిల్లలో అంత పొడుగు ఎక్కడ దాచిందో నాకు తెలియలేదు.

రెండో బంతికి నేను పరిగెత్తే అమ్మాయిని కూడా పెట్టాను. ఆ అమ్మాయి ఇలా వచ్చిందో లేదో, మనది బంతిని మరిచిపోయి ఆమె చీలమండ పట్టుకుని లాగి కింద పడేసి మీద కూర్చుంది. బంతి ప్రహరీ గోడదాకా వెళ్ళింది.

"పట్టా మేడమ్" అంది సంతోషంగా.

"బంతేదే?"

"బంతా?"

కింద ఉన్న అమ్మాయి, "ముందు దీన్ని లేవమనండి మేడమ్, తర్వాత వెతుక్కోవచ్చు" అంది.

రెండ్రోజులు అదే వరస. మీదకొచ్చినవాళ్ళను పట్టడం దాని ఒంట్లో ఉంది. స్టాఫ్ రూంలో అందరూ పొడుగమ్మాయినే పెట్టమన్నారు. నిజానికి అదే తేలిక. కాని ఎగరొద్దని పొడుగమ్మాయికి నేను మొదటి బంతి నుంచీ చెప్తూనే ఉన్నాను, ఆటలో ఊపొస్తే ఎగురుతూనే ఉంది. కీపర్‌కి కంగారు నేర్పడం నా వల్ల కాలేదు. కబడ్డీ అమ్మాయికి నేర్పాల్సింది ఒక్కటే, మనుషుల్ని వదిలెయ్యడం. ఎలా నేర్పాలో తెలియక కబడ్డీ కోర్టు దగ్గర కూర్చుని దాని ఆట చూశాను. అవతలివాళ్ళు కూతకొస్తే పట్టేస్తోంది, సరే. తను కూతకెళ్ళినప్పుడో? కాళ్ళు పట్టి నలుగురు లాగుతున్నా వెనక్కి చూడదు. దాని లోకమంతా గీతే.

మర్నాడు బేస్ దగ్గర నిలబెట్టి చెప్పాను. "నువ్వు పట్టేదానివి కాదు. కూతకెళ్ళినదానివి. ఈ సంచే గీత. కాలు గీతకి తగిలే ఉంది. ఇంక ఎవరొస్తే నీకెందుకు? చెయ్యి చాచు, బంతి అందుకో."

అది తలూపింది. ఆ రోజు ఒక్కర్నీ పడెయ్యలేదు. కాకపోతే బంతి గాల్లో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అంటూనే ఉంది. కూతకెళ్ళమన్నది నేనే గనక ఊరుకున్నాను.

జట్టు పేర్లు చదివినప్పుడు పొడుగమ్మాయి ముఖం ముడుచుకుంది. "దానికంటే నేనేం తక్కువ మేడమ్?"

"తక్కువ కాదే, అదే చిక్కు. నువ్వు పైకి వెళ్తున్నావు, అది ముందుకి వెళ్తోంది. నాకు ముందుకి వెళ్ళేది కావాలి. నిన్ను వెనక ఫీల్డులో పెడతాను, అక్కడ ఎంత కావాలంటే అంత ఎగురు."

రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. ప్రాక్టీసుకి మాత్రం వచ్చింది.

నందిగామ గ్రౌండ్‌లో రెండో ఇన్నింగ్స్‌కే గొడవ. వాళ్ళ టీచర్, నాకు ఎప్పటినుంచో తెలిసినాయనే, అంపైర్ దగ్గరకు వెళ్ళాడు. "ఆ పొట్టి అమ్మాయి మా పిల్లలొస్తుంటే ఏదో మంత్రం చదువుతోందండి. మావాళ్ళు బెదిరిపోతున్నారు."

"మంత్రం కాదండి, కబడ్డీ" అన్నాను.

"ఇది బేస్‌బాల్ కదండి?"

"దానికింకా పూర్తిగా చెప్పలేదండి."

అంపైర్ నవ్వాపుకున్నాడు. "బేస్ మీద నోరు మూసుకోవాలని రూలైతే లేదు మాస్టారూ. ఆట కానివ్వండి."

మధ్యలో ఒక లారీ డ్రైవరు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. సిమెంటు లోడుతో విజయవాడ వెళ్తూ బండి హైవే పక్కన ఆపి వచ్చాడట. "మా పిల్ల ఎవర్నీ పడెయ్యలేదు కదండీ?" అనడిగాడు. "ఇంకా లేదు" అన్నాను. ఆయన చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

చివరి ఇన్నింగ్స్‌కి మాకు ఒక్క పరుగు ఎక్కువుంది. వాళ్ళలో ఇంకొక్కరు అవుటైతే ఆట మాది. కొట్టిన బంతి మా మూడో బేస్ అమ్మాయి వైపు దూసుకొచ్చింది. ఆమె అందుకుంది, తొందరపడి విసిరింది. బంతి దారి తప్పి పక్కకు, కిందకు దిగిపోతోంది. పొడుగమ్మాయికైనా అందే బంతి కాదు. వాళ్ళ పిల్ల బాణంలా వస్తోంది. మనది సాగింది. సంచి అంచు మీద బొటనవేలొక్కటే మిగిలింది. పక్కనుంచి వాళ్ళ పిల్ల దుమ్ము రేపుకుంటూ పోయినా అటు చూడలేదు. బంతి నేల నుంచి లేచి గ్లవ్ చివర ఇరుక్కుంది. కూత ఆగింది.

అంపైర్ చెయ్యెత్తాడు. ముందుగా పరిగెత్తుకొచ్చి దాన్ని ఎత్తుకున్నది పొడుగమ్మాయే. లారీ డ్రైవరు చప్పట్లు కొట్టలేదు. "బండికి టైమైందండి" అని ముఖం తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

హెడ్మిస్ట్రెస్ గారు మాట తప్పలేదు. సోమవారం చివరి పీరియడ్ బెల్ కొట్టారు. నేను విజిల్ మెళ్ళో వేసుకుంటుంటే లెక్కల మాస్టారు చాక్‌పీసుతో ఎదురొచ్చారు.

"మేడమ్, పోర్షన్ కొంచెం మిగిలిపోయింది. ఈ ఒక్కరోజుకి మీ పీరియడ్ ఇస్తారా?"

ఇన్నేళ్ళలో ఆయనకు నేను ఎప్పుడూ కాదనలేదు. అడిగిన వాళ్ళందరికీ నవ్వుతూ ఇచ్చేదాన్ని.

"ఇవ్వనండి" అన్నాను. ఆయన ఇంకేదో అనేలోగా, నా శక్తికి మించిన వేగంతో గ్రౌండ్‌లోకి నడిచాను.