టేకు తెడ్డు, నా భుజాలు

“గా రెక్క నీ చేతులకు పెద్దగైతుంది. రేపు రెండు దిక్కుల ఇంతింత కోయిస్త.”

“టేకు చెక్కను కోస్తవా? ముందు నీ నోరు కోయించుకో.”

మా ఆయనా నేనూ చివరగా మాట్లాడుకున్న మాటలు ఇవే. మొదటిది ఆయనది, రెండోది నాది. ఆ మాట అనేసి నేను చేపల గంప కడగడానికి పెరట్లోకి వెళ్లాను. ఆయన అప్పుడే అన్నం తిని మంచం మీద వాలాడు. గంప కడిగి వచ్చేసరికి మనిషి లేడు. గుండె ఆగిందన్నారు.

వేరే ఆడవాళ్ల మొగుళ్లు పోతూ పోతూ పిల్లలు జాగ్రత్త అంటారు, నీకు కష్టం పెట్టిన అంటారు. మా ఇంటికి వచ్చిన ప్రతి మనిషీ నా పక్కన కూర్చుని, ముక్కు చీది, “పోయేముందు ఏమన్న అన్నడా అక్కా?” అని అడిగేది. తెడ్డు పెద్దదన్నాడని ఎట్లా చెప్పను? “ఏమనలే, నవ్వుకుంట పోయిండు” అన్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు. నోరు కోయించుకో అని నేను తిరిగినప్పుడు వెనక నవ్వినట్టే వినబడింది. దగ్గయినా కావచ్చు.

నాకు సంతకం వరకే వచ్చు. ఇది నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నా మాటను పుస్తకం మాటగా దిద్దుకోమన్నాను. మనుషులు మాట్లాడుకున్న చోట మాత్రం ముట్టొద్దన్నాను.

మాది సుల్తానాబాద్ దగ్గర ఊరు. చెరువులో చేపలు పట్టడమే మా బతుకు. తెప్ప అంటే పడవ అనుకునేరు. థర్మకోల్ దిమ్మెలు నాలుగైదు కలిపి, పైన యూరియా సంచులు చుట్టి, పాత వల తాడుతో బిగించి కట్టింది, అంతే. దాని మీద మావాళ్లు నిలబడి తెడ్డు వేస్తారు. కూర్చుంటే వల బెండ్లు ఎక్కడ తేలుతున్నాయో కనబడవు. తెడ్డు చివర నీళ్లను నెట్టే వెడల్పు చెక్క ఉంటుంది చూడండి, దాన్ని మా ఇంట్లో రెక్క అంటాం. అసలు కథంతా ఆ రెక్కదే.

అందరి తెడ్లకూ ఏదో ఒక చెక్క ఉంటుంది. మాదానికి టేకు. మా వియ్యంకుడు, అంటే కోడలి బాపు, కాగజ్‌నగర్‌లో వడ్రంగి. ఎవరింటికో దర్వాజలు చేయగా మిగిలిన పలక ఒకటి మా ఆయనకు ఇచ్చాడు. అంతే, ఆ రోజు నుంచి మా ఆయన కాళ్లు నేల మీద నిలవలేదు. మా ఇంటి తలుపే వేపచెక్కది, తెడ్డు మాత్రం టేకుది. రెక్క ఎంత వెడల్పు ఉండాలని ఆయన ఎవరినీ అడగలేదు. పలక ఎంత ఉందో రెక్క అంత ఉంది. టేకును ఒక్క వేలు కోసినా పాపమన్నాడు. చూస్తే చాటంత ఉండేది.

ఆయనకు అది సరిపోయింది, ఆ మాట ఒప్పుకోవాలి. దర్వాజలో నిలబడితే వెలుతురు ఆగిపోయే మనిషి. ఒక్క తోపు తోస్తే తెప్ప ఎదుటి తుమ్మచెట్ల దాకా పోయేది. నేను ఆయన చంక కిందికి వస్తాను. ఆయన మోకాళ్లు నొచ్చిన రోజుల్లో సాయంత్రం వల చూసి రావడానికి నేను వెళ్లేదాన్ని. ఒడ్డున కూర్చుని బీడీ తాగుతూ నా అవస్థ చూసేవాడు. ఆ చూపు ఫలితమే ఆ చివరి మాట.

దినాలయ్యాక సంఘం కూర్చుంది. మా చెరువు సంఘంలో ఒక పద్ధతి ఉంది. పోయినవాడి స్థానం, అంటే చెరువులో వల వేసుకునే హక్కు, కావాలన్నవాళ్లు అందరి ముందూ తెప్ప మీద నిలబడి వెళ్లాలి, నడి చెరువులో వల వేయాలి, ఎవరూ చేయి పట్టకుండా తిరిగి రావాలి. రాలేకపోతే ఆ స్థానం ఇంట్లో తర్వాతి మగవాడికి పోతుంది. నా కొడుకు పెద్దపల్లిలో రైస్ మిల్లులో పని చేస్తాడు. వాడికి నీళ్లంటే భయం. బెస్త కడుపున పుట్టి బకెట్ నీళ్లకు బెదిరేవాడు వాడొక్కడే. ఇక మిగిలింది మా మరిది. ఆయనకు ఒక స్థానం ఉంది, ఇంకొకటి వస్తే వద్దంటాడా?

“వదినె, నీకెందుకీ పరేషాన్? నువ్వు గంప ముందట పెట్టుకొని ఒడ్డు మీద కూసో. చెర్ల పని నేను జూసుకుంట. నీ పాలు నీకిస్త.”

“ఎంతిస్తవో నువ్వే జెప్తవ్, నేనే వినాలె. గంతేనా?”

“గట్లంటవేంది వదినె? నిన్ను సూస్తె గాలికే వడేటట్టున్నవ్.”

“వడ్తె నీళ్లల్లనే వడ్త గద, నీ ఇంట్ల అయితె వడ.”

సంఘం పెద్దమనిషి మీసం కింద నవ్వి, “చేప పిల్లలు పోసేముందు ఓ దినం వెడుదాం. పోతె పోయింది, ఆమెను గూడ సూద్దాం” అన్నాడు. అట్లా మాట మీద మాట పెంచుకుని నేను ఇరుక్కున్నాను. ఒడ్డు మీద కూర్చుని ఇంకొకరు పోసిన చేపలు ఎంచుకోవడమా, నా వల నేను లాగడమా, అదే తేలాలి.

ఇక సాధన మొదలైంది. ఆయన తెడ్డుతోనే. రెక్క కోయిద్దాం అత్తమ్మా అని కోడలు మొదటి రోజే అంది. నేను కోయనివ్వలేదు. కోయొద్దని మొగుడితో చివరి మాట అని, ఆయన పోయాక నేనే కోయిస్తే ఏముంది ఇక, నేను ఓడినట్టే కదా?

చాటంత రెక్కను నీళ్లలో ముంచి లాగితే ఏమవుతుందో చెబుతాను. రెక్క కదలదు. నీళ్లు దాన్ని పట్టుకుని కూర్చుంటాయి. నేను దాన్ని లాగబోతే అదే నన్ను లాగేది. తెప్ప ముందుకు పోవడం మాని పక్కకు తిరిగేది. ఇటు వేస్తే ఇటు, అటు వేస్తే అటు. ఉన్నచోటే తిరగలి రాయిలా తిరుగుతూ ఉండేదాన్ని. బట్టలు ఉతికే ఆడవాళ్లకు పని సాగేది కాదు.

“ఏమొదినా, పిండి పడ్తున్నవా?”

“జొన్నలు దెచ్చుకో, నీక్కూడ పట్టిస్త.”

ఆ మాట అనడానికి తల తిప్పానో లేదో నీళ్లలో పడ్డాను. కోడలు ఫోన్‌లో ఇదంతా పట్టి సాయంత్రం నాకే చూపించింది. పడేటప్పుడు కూడా నా నోరు ఆడుతూనే ఉంది. భుజాలు రెండూ ఉప్పు కాపడానికి కూడా లొంగకుండా బిగుసుకుపోయాయి. అన్నం ముద్ద నోటికి పోవాలంటే నోరే చేతి దగ్గరకు రావాల్సి వచ్చింది.

తెడ్డు పక్కన పెట్టి రంగు డబ్బా మూతను కర్రకు బిగించి చూశాను. అది మరీ చిన్నది. నీళ్లు దాని పక్కనుంచి జారిపోయేవి. పెళ్లిలో వంద మందికి చారు గంటెతో అన్నం వడ్డించినట్టు, చేయి ఊరికే ఆడేది, తెప్ప కదిలేది కాదు. ఇత్తడి తాంబాళంతో చూశాను. దానికి కర్ర లేదు కాబట్టి మోకాళ్ల మీద కూర్చోవాలి. సంఘం కూర్చోనివ్వదు. పైగా తాంబాళం చేయి జారి మునిగింది. మా అవ్వ పెట్టిన తాంబాళం. ఇప్పటికీ చెరువులోనే ఉంది.

ఆ వారమే కొత్త వల కోసం కోడలూ నేనూ కరీంనగర్ వెళ్లాం. పని అయ్యాక డ్యాం చూపిస్తానని తీసుకుపోయింది. అక్కడ చూస్తే నీళ్ల మీద పట్నం పిల్లలు, ఒక్కొక్కరు ఒక్కో పొడుగు పలక మీద నిలబడి తెడ్డు వేస్తున్నారు. వల లేదు, బుట్ట లేదు. పోతున్నారు, వస్తున్నారు.

“ఏం వడ్తున్నరే వీళ్లు?” అని కోడలిని అడిగాను.

“ఏం వట్టరు అత్తమ్మా. ఊకెనే. ఆట.”

“ఆటనా? పైసలిస్తరా వీళ్లకు?”

“వీళ్లే ఇస్తరు.”

ఇంత సులువైన బేరం మా ఊళ్లో ఎవరికీ తట్టలేదు.

వాళ్లకు నేర్పే అమ్మాయి ఒకతి ఉంది, టోపీ పెట్టుకుని. నేను అంతసేపు చూస్తుంటే దగ్గరకు వచ్చింది. నా కళ్లు పలక మీద లేవు, ఆమె చేతిలోని తెడ్డు మీద ఉన్నాయి. దాని రెక్క పెద్ద మోదుగాకంత ఉంది, అంతే.

“గింత రెక్కతోని పోతదా బిడ్డా?”

“మీరే చూడండమ్మా. మనిషిని బట్టి ఉంటుంది. బరువున్నవాళ్లకు, బలమున్నవాళ్లకు పెద్దది ఇస్తాం. మీలా సన్నగా ఉన్నవాళ్లకు చిన్నది. ఒక్కో తోపుకు కొంచెమే పోతుంది, కానీ భుజం పట్టేయదు. ఎక్కువ తోపులు వేసుకోవచ్చు.”

“మా ఇంట్ల చెక్కను బట్టి ఉంటది” అన్నాను.

ఎక్కిస్తానంది. ముందు ఒక ఎర్ర జాకెట్ తొడిగింది, మునగకుండా. చీర కొంగూ అదీ కలిసి బకిల్ పడలేదు. కొంగు బొడ్లో దోపి, కోడలు ఒక వైపు, ఆ అమ్మాయి ఒక వైపు లాగి బిగించారు. సంక్షేమ హాస్టల్ పరుపు చుట్టలా తయారయ్యాను. పలక ఎక్కి తెడ్డు వేశాను.

పోయింది. తిన్నగా పోయింది. చేయి ఎంత అంటే అంత, గంటె గిన్నెకు సరిపోయినట్టు. ఇటు రెండు, అటు రెండు వేసుకుంటూ పట్నం పిల్లల మధ్య నుంచి పోయి తిరిగి వచ్చాను. ఒక పిల్లవాడు నన్ను చూసి నీళ్లలో పడ్డాడు. నా తప్పు కాదు.

ఆ రెక్క అడ్డం ఎంతో గుర్తుండాలని కొంగుతో కొలిచి ముడి వేశాను. కోడలు ఫోన్‌లో ఫోటో తీస్తానంటే, “నీ ఫోటో రెక్కంత ఉంటదా?” అని తిట్టాను. సుల్తానాబాద్ బస్టాండ్‌లో దిగాక మిర్చి బజ్జీ వాసన వచ్చింది. నేను డబ్బులు కూడా కొంగుకే ముడి వేస్తాను. పొట్లం అందుకుంటూ విప్పిన ముడిలో డబ్బు లేదు. కొలత ముడి అది. కోడలు బజ్జీ కొరుకుతూ నా వైపు చూసింది. ఇది రాస్తూ కూడా అట్లాగే చూస్తోంది.

ఇక కోయక తప్పదని ఆ రాత్రే తెలిసిపోయింది. కానీ ఎంత కోయాలి? కోసిన చెక్క మళ్లీ పెరగదు. కోడలు వాళ్ల బాపుకు ఫోన్ చేసింది. ఆయన కాగజ్‌నగర్ నుంచి రంపం, చిత్రిక సంచిలో వేసుకుని వచ్చాడు. తెడ్డును ఒళ్లో పెట్టుకుని, చంటిపిల్లకు టీకా వేయించే తండ్రిలా కూర్చున్నాడు.

“చెల్లె, టేకు ఇది. ఇట్లాంటి చెక్క ఇప్పుడు దొరకది. ఇంకో కర్రతోని చేసిస్త.”

“వద్దన్నా. గిదే గావాలె.”

“బావ ఉంటె కోయనిచ్చునా? నేను చెక్క ఇచ్చిన్నాడు నాతోని ఒట్టు వెట్టించుకున్నడు. ఎవ్వలడిగినా కోయొద్దన్నడు. కొడుకడిగినా కోయొద్దన్నడు.”

నా చెవిలో ఆ మధ్యాహ్నం మాట తిరిగింది. రేపు రెండు దిక్కుల ఇంతింత కోయిస్త. టేకు పొట్టు కూడా పారేయనివ్వని మనిషి. కొడుకుకు కూడా కోయనని ఒట్టు పెట్టించుకున్న మనిషి. నేను దానికి ఏం జవాబు చెప్పానో తెలుసు కదా.

“ఆయనే కోయిస్తనన్నడు” అన్నాను. “కొయ్యి అన్నా. ఇంటిల ఒక్కసారన్న ఆయన మాట నెగ్గనియ్యి.”

వియ్యంకుడు నన్ను ఒకసారి చూసి రంపం తీశాడు. ఒకేసారి కోయలేదు. రెండు వైపులా గోరంత, ఆపై చిత్రిక. నేను చెరువుకు పోయి రావడం. ఇంకా లాగుతోందంటే ఇంకొంచెం. మరీ సన్నమైతే రంగు డబ్బా మూత గతి పడుతుంది కాబట్టి, నీళ్లను పట్టుకున్నట్టూ ఉండాలి, అడిగితే వదిలినట్టూ ఉండాలి. ఒకసారి పోయి తిరిగి వచ్చి, భుజం గురించి చెప్పడం మరిచిపోయి వలలో జెల్లలు పడ్డాయని చెప్పాను. వియ్యంకుడు రంపం సంచిలో పెట్టేశాడు.

పరీక్ష రోజు ఊరంతా కట్ట మీదే ఉంది. మత్స్య శాఖ నుంచి ఒక సారు కూడా తెల్ల బూట్లతో వచ్చాడు. గాలి వీస్తోంది. నేను తెప్ప ఎక్కగానే మరిది మొదలుపెట్టాడు.

“వదినె, ఎడమకు, ఎడమకు! తిరుగుతవ్ సూడు.”

తిరగలేదు. గాలికి ఎదురు చిన్న తోపులు, గబగబ. పెద్ద రెక్కతో ఒకటి వేసే లోపల దీనితో మూడు పడతాయి. నడి చెరువులో కాళ్లు ఎడం పెట్టి నిలబడి వల వేశాను. ఆ నిలబడ్డ కాసేపు నాకు భయం వేసింది, చెప్పకపోవడం ఎందుకు. ఒడ్డు చిన్నగా కనబడింది, ఆయన కూర్చుని బీడీ తాగే రాయి ఖాళీగా కనబడింది. తర్వాత తెప్ప తిప్పి వచ్చేశాను. గాలి ఇప్పుడు వెనక నుంచి తోస్తోంది. వేగం ఎక్కడ ఆపాలో మాత్రం నేను సాధన చేయలేదు. తెప్ప కట్టకు గుద్దుకుంది, నీళ్లు లేచి సారు తెల్ల బూట్ల మీద పడ్డాయి.

అందరూ పెద్దమనిషి వైపు చూశారు.

“పోయింది. ఏసింది. అచ్చింది” అన్నాడాయన. “ఇంకేం సూడాలె? సారూ, జర బూట్లిప్పుండ్రి, ఎండకు పెడ్తం.”

అట్లా ఆ స్థానం నాదైంది. వారం తిరక్కుండానే మరిది తన తెడ్డు చంకన పెట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

“వదినె, మీ అన్నకు ఫోన్ గొట్టు. నాది గూడ జర సన్నం జేపియ్యి. రాత్రి భుజం నిద్రవట్టనిస్తలేదు.”

“నువ్వు బలంగున్నవ్ గద మరిదీ. గాలికి వడేటట్టు లేవు గద” అన్నాను. ఆ తర్వాత ఫోన్ చేయించాననుకోండి.

కోయగా మిగిలిన టేకు బద్దలు రెండూ వియ్యంకుడు పారేయలేదు. ఒకటి తలుపుకు గడియ అయింది. రెండోది ఆయన మంచం కోడు కిందికి పోయింది. ఆ మంచం పెళ్లయినప్పటి నుంచి కుంటుతూనే ఉండేది. ఇప్పుడు దాని మీద పడుకుంటే కదలదు. కదలకపోతే నాకు నిద్ర రావడం లేదు, అది వేరే సంగతి.

అంతే బిడ్డా, అయిపోయింది. రాసింది మొదటి నుంచి ఒకసారి సదువు. నా మాటలు గబగబ సదివినా ఏం గాదు. ఆయన మాట కాడ జర నిదానంగ సదువు.