కామేశం మేష్టారు భాగించిన సంఖ్య

ధవళేశ్వరంలో మా పక్క వాటాలో నివసించిన కామేశం గారు విశ్రాంత లెక్కల ఉపాధ్యాయులు. 1999 జూన్‌లో వారికి పెన్సిలుతో రాసిన ఉత్తరం ఒకటి వచ్చింది: “7368787 ప్రధాన సంఖ్య అండి. అప్పుడూ ఇప్పుడూ లెక్క మనసులోనే చేశానండి. నమ్మకపోతే భాగించి చూడండి.”

రాసిన అప్పాజీ పదకొండేళ్ళ క్రితం వారి శిష్యుడు. పదో తరగతిలో మెట్లు చూపకుండా జవాబులు మాత్రమే రాసినందున, కాపీ కొట్టాడని మేష్టారు అతన్ని అందరి ఎదుటా నిలబెట్టారు. అతడు మరి బడికి రాలేదు. మేష్టారు ఉత్తరానికి జవాబు రాయలేదు. పది రోజులకు అప్పాజీ రాజమండ్రి ఆసుపత్రిలో జ్వరంతో మరణించినట్టు తెలిసింది.

ఒకటి, తాను తప్ప మరే సంఖ్యా శేషం లేకుండా భాగించలేనిది ప్రధాన సంఖ్య. 7368787 విషయంలో, దాని వర్గమూలానికి లోపున, అంటే 2713 వరకు గల మూడువందల తొంభై ఆరు ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలును. మేష్టారు స్నానానంతరం రోజుకొకటి చొప్పున చేయ సంకల్పించి, చూపు మందగించినందున, ఉత్తరంలోని సంఖ్యకు సిరాతో పెద్దగా నకలు రాసి ఇమ్మని నన్ను కోరారు.

ఒకరు చదువుతుండగా మరొకరు నకలును సరిచూడడం నేను గుమాస్తాగా పనిచేసే కార్యాలయ పద్ధతి. ఇంట్లో రెండో మనిషి లేనందున అంకెలు కూడి చూశాను. రెండింటా నలభై ఆరు వచ్చింది. నకలు వారికిచ్చి, అసలును దస్త్రంలో ఉంచాను.

ఇరవయ్యో రోజు మేష్టారు కాగితం ఊపుతూ వచ్చారు.

“డెబ్భై ఒకటితో పోయిందండీ! వాడిది అప్పుడూ అబద్ధమే, ఇప్పుడూ అబద్ధమే.”

“చచ్చినవాడి మీద గెలిచారు. ఇంక అన్నం తింటారా?” అన్నారు వారి భార్య బుల్లెమ్మ గారు గుమ్మంలోంచి.

వారు వెళ్ళాక అసలును తీశాను. నా నకలులో 7368877 అని ఉంది. అంకెల స్థానాలు మారినా మొత్తం మారదు. మరునాడు ఆ సంగతి విన్నవించాను.

“చెప్పకపోతే మీకేం పోయేదండీ?” అన్నారు మేష్టారు.

“అసలు నా దగ్గరుందండీ.”

వారు మళ్ళీ రెండు నుంచి మొదలుపెట్టారు. ప్రతి ఉదయం శేషం సున్నా రావాలని కోరుకునేవారు, రాలేదు. మధ్యలో కలం ఆపి వెనక్కి చూసేవారు.

“మెట్లు రాయాలాండీ అని ఎవరో అడిగారు, బుల్లీ.”

“ఎవరూ అడగలేదండీ. మీరే పైకి అంటున్నారు.”

2000 సెప్టెంబరులో 2713తో భాగించగా శేషం 279 మిగిలింది. మేష్టారు ఆ కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని, నన్ను తోడు తీసుకుని, ద్రాక్షారామంలో అప్పాజీ తల్లి అచ్చాయమ్మ ఇంటికి వెళ్ళారు.

“మీ అబ్బాయి కాపీ కొట్టలేదమ్మా. రుజువు తెచ్చాను.”

ఆమె కాగితాలను ముట్టుకోలేదు.

“నాకు ఆ రోజే తెలుసండీ. ఇంటికొచ్చి చెప్పాడు కదా.” అంది. “మేష్టారి దగ్గర్నుంచి జవాబొచ్చిందా అమ్మా అని ఆసుపత్రిలో పొద్దునా సాయంత్రం అడిగేవాడండీ. రేపొస్తుందిరా అనేదాన్ని.”

మేష్టారు కాగితాలను ఒక్కొక్కటిగా తిరిగి సంచిలో సర్దుకున్నారు. బస్సులో నా పక్కన కిటికీ సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. ధవళేశ్వరం వరకు నిలబడే వచ్చారు.