పైగట్టు వంతు

విద్యుత్ పంపిణీ సంస్థలో అసిస్టెంట్ ఇంజనీరుగా, అంటే ఊళ్లల్లో అందరూ పిలిచే ఏఈగా, నా మొదటి పోస్టింగు గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసేచోట ఒక సెక్షన్‌లో. జూన్ మొదటి వారంలో చేరాను. ఏడేళ్లు చేసి ఆ ఉద్యోగం వదిలేశాను. ఇప్పుడు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతున్నాను. ఆ ఏడేళ్లలో నేను ఎక్కువగా గుర్తుచేసుకునేది చేరిన ఏడాది నవంబరు నెలనే.

నాకప్పగించిన పని సంస్కరణల్లో భాగం. అంతకుముందు పదహారు బోర్లకు కలిపి ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. దాని నుంచి పొలాల మీదుగా పొడవాటి తీగలు లాగితే చివరి మోటారుకు చేరేసరికి ఓల్టేజీ పడిపోయేది. మోటార్లు కాలిపోయేవి, దారిలోనే కొంత కరెంటు వృథా అయ్యేది. కొత్త పద్ధతిలో పదకొండు వేల ఓల్టుల లైనునే పొలాల్లోకి తీసుకెళ్లి, నాలుగు బోర్లకొకటి చొప్పున ఇరవై ఐదు కేవీఏ సామర్థ్యమున్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెడతారు.

ఏ బోరు ఏ ట్రాన్స్‌ఫార్మర్ కిందికి రావాలో జాబితా నేనే వేశాను. సర్వీసు నంబరు, రైతు పేరు, మోటారు సామర్థ్యం, స్తంభానికి దూరం: నాలుగు గడులు. దగ్గర దగ్గర బోర్లను ఒకచోట చేర్చాను. అలా పొలాల ఎగువ భాగమైన పైగట్టున రెండు, పల్లపు భాగమైన దిగువగట్టున రెండు ట్రాన్స్‌ఫార్మర్లు లేచాయి. రికార్డులో అన్నీ ఐదు హెచ్‌పీ మోటార్లే కాబట్టి ఒక్కోదాని మీద ఇరవై హెచ్‌పీ. అంతవరకు అది మోస్తుంది. మాది పొన్నూరు వైపు. కాలువ కింద వరి తప్ప బోరు సేద్యం నేను దగ్గరగా చూసింది లేదు.

పైగట్టు మొదటి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిన మూడు వారాలకు కాలిపోయింది. మార్చాం. పది రోజులకు అదీ పోయింది. దాని కింద కోటమ్మ గారి బోరు ఉంది. మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేసిందామె. తోట పూత మీద ఉంది. ఆ దశలో నీళ్లు ఆగితే పూత రాలిపోతుంది.

రైతులు పాత ట్రాన్స్‌ఫార్మరే మళ్లీ పెట్టమని మా పై అధికారి ఏడీఈ గారి దగ్గరికి వెళ్లారు. శనివారంలోగా కారణం రాసివ్వమని ఆయన నాకు చెప్పారు. నా లెక్క సరిగ్గా ఉంది కాబట్టి తప్పు బయటే ఉండాలనుకున్నాను. ఎవరో తీగకు కొక్కెం తగిలించి కరెంటు వాడుతున్నారని తేల్చుకుని, ఆ నాలుగు కుటుంబాలకూ దొంగ వాడకం నోటీసులు రాసి, అందించమని లైన్‌మన్ సుభానీ గారికి ఇచ్చాను. ఆయనకు అప్పటికే ఆ లైన్ల మీద ఇరవై ఆరేళ్ల అనుభవం.

రెండోది కాలిన నాలుగో రోజు ఉదయం రైతులు ట్రాక్టరు మీద బాగుచేసిన ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చారు. సుభానీ గారు లైన్ క్లియర్ తీసుకున్నారు. పని జరిగేంతసేపూ ఆ లైనులోకి కరెంటు రాదని సబ్‌స్టేషన్ రాసిచ్చే అనుమతి అది. ఎక్కించి మళ్లీ కరెంటు ఇచ్చేసరికి తొమ్మిదైంది. నలుగురూ పరుగున వెళ్లి మోటార్లు వేశారు. నేను టాంగ్ టెస్టరు, అంటే తీగను కోయకుండా చుట్టూ పట్టి కరెంటు కొలిచే సాధనం, తగిలించి చూశాను. ముప్పైమూడు ఆంపియర్లు దాటకూడదు. నలభై నాలుగు చూపించింది. కొక్కెం ఎక్కడా లేదు.

రెండు మోటార్లు వెంటనే ఆపించాను. కోటమ్మ గారిది ఆపలేదు. ఆమె స్టార్టరు పక్కనే నిలబడి ఉంది.

"మోటారు ఎంత హెచ్‌పీ అమ్మా?" అని అడిగాను.

"ఏడున్నర."

"ఐదని రాసుంది కదా."

"రాసినప్పుడు ఐదే బాబూ. నీళ్లు కిందికి పోయి మూడేళ్లయింది. ఐదు వేస్తే గాలొస్తది, నీళ్లు రావు. నీకెవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు.

ఆపిన ఇద్దరినీ మధ్యాహ్నం వేసుకోమన్నాను. దానికి ఆమె నన్ను వింతగా చూసింది. "మధ్యాహ్నం దిగువగట్టోళ్ల వంతు గదా. పదిన్నర దాటితే పైగట్టున ఒక్క మోటారు తిరగదు."

అప్పుడు తెలిసింది. పాత ట్రాన్స్‌ఫార్మర్ పదహారు మోటార్లను ఒకేసారి మోయలేదని రైతులే వంతులు పెట్టుకున్నారు. పగలు వచ్చే తొమ్మిది గంటల్లో మొదటి సగం పైగట్టుకు, రెండో సగం దిగువగట్టుకు. పెద్దది తీసేసినా వంతు మాత్రం ఎవరూ మానలేదు. నా జాబితా వల్ల పైగట్టువన్నీ పైగట్టు ట్రాన్స్‌ఫార్మర్ల మీదే పడ్డాయి. ఉదయం అవి కాలేంత బరువు మోస్తుంటే దిగువవి ఖాళీగా ఉండేవి. దిగువగట్టుకు వెళ్లి కొలిచాను. సున్నా.

మిగిలిన బోర్లూ అప్పుడే చూశాం. అన్నీ ఏడున్నరలే. మధ్యాహ్నం దిగువవాటి మీదా ఇదే బరువు; మిగిలిన మూడూ ఇంకా కాలకపోవడం అదృష్టం. ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ మీద రెండు ఉదయం, రెండు మధ్యాహ్నం తిరిగితే సరిపోతుంది. అంటే పైగట్టున సగంమంది మధ్యాహ్నానికి, దిగువన సగంమంది ఉదయానికి మారాలి. రెండు గట్ల రైతులూ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చేరాక ఆ మాట చెప్పగానే దిగువగట్టు రైతు వెంకటేశ్వర్లు లేచాడు.

"ఏం ఏఈ గారూ, మా నాయనల నాటి వంతు మీ టెస్టరు మార్చుద్దా? పొద్దున పాలు పిండేదెవరు, మీరొస్తారా?"

"వస్తార్లే, ముందు గేదెను ఒప్పించు," అన్నారు సుభానీ గారు. అందరూ నవ్వారు కానీ ఎవరూ మారతానని అనలేదు.

కోటమ్మ గారు మోటారు ఆపి వచ్చింది. నాలుగు రోజుల తర్వాత వచ్చిన నీళ్లు ఆ తోటకు అప్పటికి గంటన్నర కూడా పారలేదు. "నేను మధ్యాహ్నానికి పోతా. ట్రాన్స్‌ఫార్మర్ ఉంటేగా పొద్దునా మధ్యాహ్నమూ," అంది. వెంకటేశ్వర్లు వైపు తిరిగి, "నువ్వు పొద్దునకి రా అన్నా. గేదెను కూడా తోలుకురా," అంది.

ఆయన కాసేపు తువ్వాలు దులుపుకుని, సరే కానీయమన్నాడు. తర్వాత మిగిలినవాళ్లను ఒప్పించడానికి అరగంట పట్టింది. సుభానీ గారు స్టార్టరు పెట్టెల మీద ఉదయం వాటికి తెల్ల రంగు, మధ్యాహ్నం వాటికి పసుపు రంగు చుక్క పెట్టారు.

ఆ సాయంత్రం నోటీసుల సంగతి గుర్తొచ్చింది. చేయని దొంగతనం నాలుగు ఇళ్ల మీద రాశాను. ఎలా వెనక్కి తీసుకోవాలని సుభానీ గారిని అడిగాను. ఆయన బండి సంచిలోంచి నాలుగు కవర్లూ తీసిచ్చారు.

"మొన్న వాన పడింది గదా సార్. తడుస్తాయని ఇవ్వలేదు."

ఆ వారమంతా చినుకు పడలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఏడీఈ గారికిచ్చిన రిపోర్టులో కారణం అనే గడిలో, మోటార్ల సామర్థ్యం, నడిచే వేళలు చూడకుండా నేను అంచనా వేశానని రాశాను. ఆయన చదివి, పదహారు బోర్లకూ అసలు సామర్థ్యం నమోదు చేయించమని మాత్రం చెప్పారు. కోటమ్మ గారి తోటలో మొదటి పూత చాలావరకు రాలిపోయింది. రెండో పూత నిలిచింది. నేను అక్కడున్నన్నాళ్లూ పైగట్టున మళ్లీ ఏ ట్రాన్స్‌ఫార్మర్ కాలలేదు.

ఇప్పుడు మా విద్యార్థులకు లోడు సర్వేకు ఇచ్చే ఫారంలో ఆరు గడులుంటాయి. మొదటి నాలుగూ నావే. ఐదోది, మోటారు మీద బిగించిన రేకు చూసి రాయాల్సిన సామర్థ్యం. ఆరోది, ఎప్పుడు వేస్తారో, ఎవరితో కలిసి వేస్తారో రైతునే అడిగి రాయాల్సింది. ఆ చివరి రెండూ నాకు కోటమ్మ గారు చెప్పినవి. ఫారం నింపకముందే నోటీసు రాయకూడదన్నది సుభానీ గారు చెప్పకుండా నేర్పింది.