బొరియ వాకిట్లో చేప

మా జువాలజీ మేడం గారు మంగళవారం పొద్దున నెల్లూరు ఆసుపత్రిలో కన్నుమూశారు. ఇంటర్‌లో ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు తోటపల్లి గూడూరు చుట్టుపక్కల ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లలో నేను మార్కులతో పేరు తెచ్చినవాణ్ణి కాదు. రొయ్యల గుంటలు చేసుకుంటూ ఆమె పక్క వీధిలో ఉండిపోయినవాణ్ణి, అంతే.

రిటైరయ్యాక ఆమె ముందుగదిలో పెద్ద గాజు తొట్టి పెట్టుకున్నారు. అందులో పగడపు రాళ్లు, ఇసుక, ఉప్పునీళ్లు. నీళ్లు మైపాడు నుంచి ఆటోలో క్యాన్లతో వచ్చేవి. మూత తీసి ఒక చుక్క నాలుక మీద వేసుకుని "ఊ, సముద్రమే" అని ఆమె అంటేనే ఆటో కదలాలి. ఎవరు వెళ్లినా కాఫీకన్నా ముందు తొట్టి ముందు నిలబెట్టేవారు. కుట్టే చేతులున్న పువ్వులాంటి జీవి మధ్య భయం లేకుండా తిరిగే నారింజరంగు చేపల్ని చూపించి, "ఇందులో ఒంటరిగా బతికేది ఏదో చెప్పు" అనేవారు. నేను ఏదో ఒకటి చూపిస్తే నవ్వేవారు. ఇరవై ఏళ్లయినా నాకు ఆమె దగ్గర పరీక్ష తప్పలేదు.

మూడు వారాల కిందట గుండె నొప్పితో ఆసుపత్రిలో చేరుతూ ఇంటి తాళం నా చేతిలో పెట్టారు. "మేత చిటికెడు వెయ్యి. ఇంకేం చెయ్యబాక అబ్బయా."

నేను చేశాను. ఇసుకలో బొరియ తవ్వుకుని ఉండే చిన్న రొయ్య ఒకటి ఉంది. దాని వాకిట్లో ఒక చేప మాటు వేసినట్టు కనబడింది. మా గుంటల్లో చేప దూరిందంటే రొయ్య పిల్లను బతకనివ్వదు. నీళ్లు పెట్టేటప్పుడే సన్నవల కట్టి ఆపుతాం, కనబడితే తీసి పారేస్తాం. నా చెయ్యి ఊరుకోలేదు. దాన్ని పట్టి బకెట్లో వేశాను. సాయంత్రానికి అది ఎగిరి గచ్చుమీద పడి చచ్చింది. ఘనకార్యం చేసినవాడిలా ఫోన్‌లో చెప్పాను కూడా.

మేడం క్లాసులో లాగే వివరించారు.

"ఆ రొయ్యకు సరిగా కళ్లు కనపడవు అబ్బయా. అది బొరియ తవ్వితే చేప కాపలా కాస్తాది. మీసం చేప మీద ఆనించుకోనే బయటికొస్తాది. చేప తోక కొట్టిందంటే రెండూ లోపలికి. ఇప్పుడది ఎట్లొస్తాది?"

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

చెన్నైలో వాకబు చేసి అలాంటి చేపనే తెచ్చి వదిలాను. అది ఒక మూల రాయి కింద దాక్కుంది. బొరియ మూసుకుపోయింది. మేడం రోజూ ఒకటే అడిగేవారు: "కలిసినాయా?" ఆమె మందుల సంగతి నేనడిగితే మాట దాటేసేవారు. రొయ్య లోపలే చచ్చిందేమోనని నా భయం. ఆ మాట ఆమెతో అనలేదు.

సోమవారం చూడబోయాను. మనిషి బాగా చిక్కిపోయారు. మళ్లీ అదే ప్రశ్న. ఈసారి లేదని చెప్పడానికి నోరు రాలేదు.

"కలిసినాయి మేడం."

"ముందు ఏది బయటికొచ్చింది?"

"రొయ్య మేడం."

ఆమె నా మొహంలోకి చూశారు. దొరికిపోయానని అప్పుడే అర్థమైంది. కాపలా చేప ముందు బయటికొచ్చి చూడనిదే ఆ రొయ్య రాదు. క్లాసులో నా అబద్ధం ఒక్కటీ వదలని మనిషి, దీన్ని వదిలేశారు. "మంచిది అబ్బయా" అని నా చెయ్యి తట్టి కళ్లు మూసుకున్నారు. నాతో ఆమె అన్న చివరి మాట అదే. నేర్పిన పాఠాలకన్నా, ఆ ఒక్కసారి వదిలేసినందుకే ఆమెను ఎక్కువ తలుచుకుంటున్నాను.

అంత్యక్రియలు జరిగిన మర్నాడు మేత వేయడానికి వెళ్లి, లేవబుద్ధికాక తొట్టి ముందే కూర్చుండిపోయాను. మూల రాయి కింద కొత్త చేప లేదు. బొరియ ఉన్నచోట ఇసుక కదిలింది. ముందు కొత్త చేప తల బయటపెట్టి అటూ ఇటూ చూసింది. దాని వెనకే ముందుకాళ్లతో ఇసుక నెట్టుకుంటూ రొయ్య వచ్చింది. మీసం చేప వీపుమీద ఉంది.

"చేపే మేడం. ముందు చేపే వచ్చింది," అన్నాను, ఖాళీ గదిలో.

రొయ్య ఇసుక పారబోసి మళ్లీ లోపలికి వెళ్లింది. చేప వాకిట్లోనే నిలబడి ఉంది.