అరుణ ఫ్లెక్సీకి నేను పంపిన ఫోటో

నిన్న పొద్దున్నే అరుణ వాళ్ళన్న శీనన్న ఫోన్. "సుజాతమ్మా, చెల్లెలు పోయిందమ్మా" అన్నాడు.

ఏ చెల్లెలు అని అడిగాను. అంత పిచ్చిదాన్నయిపోయాను.

మూడు రోజుల జ్వరం, అంతే. మొన్న సాయంత్రం కూడా వాయిస్ మెసేజ్ పెట్టింది, సోమవారం స్కూలుకి వస్తానని.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. అరుణ, నేను మార్కాపురంలో ఒకే ప్రైవేట్ స్కూల్లో తొమ్మిదేళ్ళు టీచర్లం. తను లెక్కలు, నేను తెలుగు.

తెలిసినవాళ్ళకి ముందు గుర్తొచ్చేది తన జుట్టే. దువ్వెన దిగని రింగులు. ఎంత పెరిగినా కిందికి జారదు, పైకే లేస్తుంది.

తర్లుపాడు ఆటోలో ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు కూడా పట్టుకుని చూసేవాళ్ళు. "ఏందమ్మా, తలకి నూనె పెట్టే దిక్కు లేదా నీకు?" అని జాలి ఒకటి.

స్టాఫ్ రూమ్‌లో కాకి గూడు అనేవాళ్ళం. అవును, అనేవాళ్ళం. నేనూ నవ్వాను.

ఒకసారి మీటింగ్‌లో అందరి ముందు మా కరస్పాండెంట్, "టీచరమ్మే అట్ల వస్తే పిల్లలేం నేర్చుకుంటారు?" అన్నాడు.

"లెక్కలు నేర్చుకుంటారు సార్" అంది అరుణ.

పెళ్ళిచూపుల్లో అబ్బాయి తల్లి జడ విప్పి చూపించమంది. సవరం పెట్టారేమోనని అనుమానం. అరుణ విప్పింది. ఆమె చూసి, "రేపు పిల్లలకీ ఇదే వస్తే ఎట్లమ్మా?" అంది.

"మీ ఇంటికి రాదులే పెద్దమ్మా. కాఫీ తాగి పోండి" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఊరంతా పొగరన్నారు. ఆ రాత్రి ఎంత ఏడ్చిందో నాకు తెలుసు.

నిన్న శీనన్నే మళ్ళీ ఫోన్ చేశాడు. "ఫ్లెక్సీ వేయించాల. మంచి ఫోటో ఉంటే పంపమ్మా."

నా ఫోన్‌లో తనవి వందల ఫోటోలు. ఏరి ఏరి ఒకటి పంపాను. శీనన్న పెళ్ళికి మేమంతా బతిమాలి పార్లర్‌లో స్ట్రెయిటెనింగ్ చేయించిన రోజుది. అదే బాగుందనిపించింది నాకు.

పంపేటప్పుడు గుర్తు రాలేదు, ఆ రోజు తను నాతో ఏమందో. "అందరూ ఇయ్యాలే బాగున్నావంటున్నారు సుజా. మరి ఇన్నేండ్లూ నేను ఎట్ల ఉన్నట్టు?"

మధ్యాహ్నానికి కొనకనమిట్ల దగ్గర వాళ్ళ ఊళ్ళో ఫ్లెక్సీ కట్టారు. వచ్చినవాళ్ళంతా ఎంత కళగా ఉందో అన్నారు. బతికుండగా ఆ పెళ్ళి రోజు తప్ప ఒక్కరూ అనని మాట.

వాళ్ళమ్మను పట్టుకుని దాని ముందుకు తీసుకొచ్చారు. ఆమె చాలాసేపు చూసింది.

"ఎవురమ్మా ఈ పిల్ల? నా బిడ్డ ఫోటో ఏది?" అంది.

 

కరస్పాండెంట్‌నీ, ఆ పెళ్ళివాళ్ళనీ తిట్టుకుంటూ తొమ్మిదేళ్ళు నీ పక్కనే తిరిగాను అరుణా. చివరికి వాళ్ళు చేయలేని పని నేను చేశాను.

ఈ పోస్టులో నీ అసలు ఫోటోలన్నీ పెడుతున్నాను. అమ్మకి చూపించండి ఎవరైనా.

వెళ్ళిరా తల్లీ. నీకు శాంతి దొరకాలి. నాకు మాత్రం ఇప్పట్లో దొరకకూడదు.