పెద్ద లెన్సు ఫోటోని చిన్నదన్న రోజు

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మరీ పెద్దదేం కాదు, ఒక్క మాట. కానీ మోసేవాళ్లకే తెలుస్తుంది దాని బరువు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియక్కర్లేదు. అందుకే మీతో చెప్పుకోవాలనిపిస్తోంది.

అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఇరుక్కున్న ఒక మేడ మీద మాదో ఫోటో స్టూడియో. మాది అంటే నాదీ, ప్రకాశ్ అన్నదీ. నేను భీమవరం నుంచి వచ్చినదాన్ని. అన్న సనత్‌నగర్‌లో పుట్టి పెరిగినవాడు, నాకు ఫోటో తియ్యడం నేర్పినవాడు. పనంతా పెళ్లిళ్లే. మా వైపు నుంచి మండపం పెళ్లిళ్లు వచ్చేవి, అన్న వైపు నుంచి చర్చి పెళ్లిళ్లు.

దూరం నుంచి దగ్గరగా తీసే జూమ్ లెన్సు ఒకటి కొనాల్సి వచ్చింది. రెండు రకాలున్నాయి. ఒకటి తేలికది, రోజంతా మెడలో వేసుకుని తిరగొచ్చు, కానీ వెలుతురు తక్కువ పడుతుంది. రెండోది మసక వెలుతురులో కూడా చకచకా తీస్తుంది, కానీ ఇటుకరాయంత బరువు. మండపంలో అయితే వీడియోవాళ్ల లైట్లు ఎండ కాసినట్టు కాస్తాయి, తేలికది చాలు. చర్చిలో అలా కాదు. ప్రమాణాల వేళ అయ్యగారు ఫ్లాషు వెయ్యనివ్వరు, మూడో బల్ల దాటనివ్వరు. వెనకే నిలబడి, కిటికీలోంచి వచ్చే ఆ కాస్త వెలుగుతో సరిపెట్టుకోవాలి. అందుకని అన్నకి బరువుది కావాలి. నాకు తేలికది కావాలి. ఎందుకో తర్వాత చెప్తాను.

పంజాగుట్టలో రెండూ అద్దెకి తెచ్చి, ఆదివారం ఆరాధన అయ్యాక అన్న వాళ్ల చర్చిలోనే పరీక్ష పెట్టాం. పాటలు పాడే ఆంటీలు పాపం మా కోసం నవ్వీ నవ్వీ అలిసిపోయారు. ప్రింట్లు వేయించింది నేను. ఏది దేనిదో నా ఒక్కదానికే తెలుసు. అలాగే ఉండాలన్నాడు అన్న. లెన్సు పేరు వింటే కన్ను మోసపోతుందట, ఫోటో చూసే చెప్పాలట.

చూశాడు. ఒకదాని మీద వేలు పెట్టాడు.

"గిదే పెద్ద లెన్సుది. గీ ఆంటీ చెయ్యి ఊపుతున్నా చెదరలే, చూడు."

సరిగ్గా చెప్పాడు.

"కాదన్నా," అన్నాను. "అది చిన్నదానిది."

"నిజమా?"

"నిజం."

అన్న మళ్లీ చూశాడు. నా వైపు కాదు, ఫోటో వైపు. కాసేపటికి తలూపి, "గట్లైతే ఫికరేంది చెల్లె, చిన్నదే తీసుకుందాం," అన్నాడు.

సిగ్గుపడ్డానా? ఎక్కడ! ఆ లెన్సుతో నాకు రోజూ పండగే. బరాత్ ముందు వెనక్కి నడుస్తూ, బ్యాండువాళ్లతో స్టెప్పులేస్తూ తీశాను. కుర్చీలెక్కాను, జనరేటర్ బండెక్కాను. విసిరిన తలంబ్రాలు నా నోట్లో పడ్డాయి. ఒక పెళ్లికొడుకు బామ్మ నన్ను మధ్యలోకి లాగి డాన్సు చేయించింది, కెమెరాతో సహా! అబద్ధంతో వచ్చిన ఆనందం అబద్ధమవుతుందా? నేను మాత్రం నిజంగానే ఆనందించాను. అదీ ఒప్పుకోవాలి కదా. చర్చి ఫోటోలు మసగ్గా వస్తే, "ఆ మసకే అందమండీ," అనేదాన్ని. పెళ్లివాళ్లు నమ్మేవాళ్లు.

అన్న మాత్రం పంజాగుట్టలో కళ్ల డాక్టరుకి చూపించుకుని వచ్చాడు. "కండ్లు మంచిగనే ఉన్నయంట చెల్లె. ఖరాబైంది నా అందాజ," అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఎలా నవ్వగలిగాను?

మెల్లగా కెమెరా పట్టడం మానేశాడు. లైటు స్టాండు పట్టుకునేవాడు, ఆల్బమ్‌లు చేసేవాడు. ఎవరొచ్చినా, "కన్నంటే మా చెల్లెది," అని పొగిడేవాడు. లోపల గుచ్చుకునేది. మొహం మాత్రం చాటంత అయ్యేది. చెప్పేద్దామనుకున్న ప్రతిసారీ, ఇప్పుడు చెప్తే తను తియ్యకుండా వదిలేసిన ఫోటోలు నేను తిరిగివ్వగలనా, ఇవ్వలేనప్పుడు చెప్పి ఏం లాభం, నా మనసు కుదుటపడ్డానికి అన్న మనసు పాడుచెయ్యడం ఏం న్యాయం అని పెద్ద ధర్మాత్మురాలిలా వాదించుకుని హాయిగా నిద్రపోయేదాన్ని. పిరికితనానికి ఎన్ని న్యాయాలో!

మొన్న అన్న మేనకోడలి పెళ్లి, అదే చర్చిలో. ఆ పిల్లని ఎత్తుకుని పెంచింది అన్నే. ఆ రోజుకని పెద్ద లెన్సు అద్దెకి తెచ్చాను. ప్రమాణాల ఫోటో మామే తియ్యాలని పట్టుబట్టింది పిల్ల. "వద్దు బిడ్డా, ఖరాబు చేస్త. మా చెల్లె తీస్తది," అన్నాడు అన్న. ముస్తాబైన ఆ మొహం చిన్నబోయింది.

ఇంక నా వల్ల కాలేదు. అన్నని చర్చి మెట్ల మీదికి లాక్కొచ్చి చెప్పేశాను. ఆ రోజు నువ్వు చూపించిందే పెద్ద లెన్సుది, నీ కన్ను తప్పలేదు, నేనే అబద్ధమాడానన్నాను. చెయ్యి నొప్పి, బరువు మొయ్యలేక అలా అన్నానని కూడా చెప్పాను.

లోపల పాట మొదలైంది.

"చెయ్యి నొస్తుందంటే నేనే మోసెటోణ్ణి గద చెల్లె."

అంతే. పర్లేదనలేదు. క్షమించాననలేదు. నా మెడలోంచి కెమెరా తీసుకుని లోపలికి పోయాడు.

అన్న తీసిన ప్రమాణాల ఫోటో అక్కడే కెమెరాలో చూశాను. ఉంగరం వేలిలోకి ఎక్కుతోంది. పిల్ల కంట్లో నీరు ఇంకా జారలేదు, నవ్వు మాత్రం అప్పటికే వచ్చేసింది. ఏదీ చెదరలేదు. చర్చి అని కూడా మర్చిపోయి, "అన్నా!" అని అరిచాను. అయ్యగారు నా వైపు కొరకొరా చూశారు. బయట గ్రూపు ఫోటోలప్పుడు లైటు స్టాండు నేను పట్టుకున్నాను. "పైకి లేపు, ఇంక జర పైకి," అని పొద్దు వాలేదాకా అన్న అరుస్తూనే ఉన్నాడు. ఎవరన్నా అరుస్తుంటే అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

ఒక్కటి మాత్రం అన్నకి చెప్పలేదు. మీకు చెప్తున్నాను. నా చెయ్యి ఎప్పుడూ నొప్పి పెట్టలేదు. పెద్ద లెన్సు వస్తే దాన్ని పట్టేది అన్న, ముందు నిలబడేది అన్న, పెళ్లివాళ్లు పేరు పెట్టి పిలిచేది అన్నని. చిన్నది వస్తే నేను. ముందు నిలబడాలనిపించింది. నేర్పినవాణ్ణి వెనక్కి నెట్టి మరీ నిలబడాలనిపించింది.

అబ్బ. చెప్పేశాను.