తరిగిపోతున్న ఖాళీ

ఆసుపత్రి డేటాబేస్ చూసుకునే ఆవిడ ఎవరినీ ఓ పట్టాన నమ్మే రకం కాదు. రోజూ పొద్దున్నే డిస్కులో ఎంత ఖాళీ ఉందో చూసుకునేది. ఆ వారం రోగులు పెరగలేదు గానీ, ఖాళీ మాత్రం రెండింతల వేగంతో తరిగిపోయింది. ఎవరో సినిమాలు దాస్తున్నారని అనుమానించి వెతికితే, ఎక్స్‌రేలు ఒక్కొక్కటీ రెండేసి కనిపించాయి. నేరుగా ఎక్స్‌రే గదికి వెళ్లి, అక్కడి ముసలి ఆపరేటర్‌ను నిలదీసింది.

"ప్రతిదీ రెండుసార్లు దాస్తున్నావేంటి బాబాయ్? ఏంటి సంగతి?"

"పోయిన వారం ఓ పసిదాని ఎక్స్‌రే కనపడకుండా పోయిందమ్మా. మళ్లీ తీయాల్సొచ్చింది. ఈ కంప్యూటర్ని నమ్మలేను."

"నాకు చెప్పాల్సింది. బ్యాకప్‌లో ఉంటుంది కదా!"

"ఉంటుందంటావు. ఏదీ, చూపించు."

ఆవిడ అక్కడే కూర్చుని, బ్యాకప్‌లోంచి ఆ పాప ఎక్స్‌రే బయటికి తీసింది. అతను కళ్లద్దాలు సవరించుకుని పేరు, తేదీ సరిచూసుకున్నాడు. ఆ రోజు నుంచి ఒక్కో కాపీయే దాచాడు గానీ, "బ్యాకప్ తీశావా తల్లీ?" అని రోజూ అడగడం మాత్రం మానలేదు.